జాజ్‌కి బొమ్మ కట్టాలంటే: కాగితమా, ముగ్గుపిండా, పలకా, మైకానా?

నెల్లూరులోనో ఒంగోలులోనో ఇంట్లో ఒక గది, ఒక ఫోన్, ఒక గాజు పలక ఉంటే చాలు, జాజ్ సంగీతానికి అబ్‌స్ట్రాక్ట్ స్టాప్ మోషన్ ఫిల్మ్ తీయొచ్చు. ఇందులో మనుషుల బొమ్మలుండవు, కథ ఉండదు. ఆకారాలు, రంగులు, వాటి కదలిక, అంతే. ఒక ఫోటో తీయాలి, ముక్కని కాస్త జరపాలి, మళ్లీ ఫోటో తీయాలి. అన్నిటినీ వరసగా ఆడిస్తే చెవికి వినిపించేది కంటికి కనిపించడం మొదలవుతుంది. కానీ మొదటి ఫోటో తీసే ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ పాట, ఎంత వేగం, దేనితో చేయాలి, దేనితో తీయాలి. దేనితో చేయాలన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు కాబట్టి ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

ఏది అందంగా ఉంటుందో చూసి ఎంచుకోవద్దు. లైటు సరిగ్గా పడితే కందిపప్పు కూడా అందంగానే కనిపిస్తుంది. అసలు చూడాల్సింది, ఒక ఫ్రేమ్ తీసేశాక వెనక్కి వెళ్లి సరిదిద్దుకునే వీలుందా లేదా అన్నది. జాజ్‌లో ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. డ్రమ్స్, బేస్, పియానో ఒక లెక్క పట్టుకొని నడుస్తాయి. 12 బార్లో 32 బార్లో (బార్ అంటే మామూలుగా నాలుగు బీట్లు) పూర్తవగానే మళ్లీ మొదటికొస్తాయి. ఆ లెక్క మీద సాక్సఫోనో ట్రంపెటో అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతుంది. ఒకసారి ఊదిన స్వరాన్ని మళ్లీ లోపలికి తీసుకోవడం ఎవరివల్లా కాదు. మన చేతిలో ఉండే సామాను కూడా అలాగే రెండు జాతులు. కాగితం ముక్కని ఎన్నిసార్లైనా పాత చోటికి తెచ్చి పెట్టొచ్చు. చెరిపేసిన ముగ్గుపిండి గీత మళ్లీ అలాగే రాదు. పాటలో దేన్ని చూపించబోతున్నామో తెలిస్తే సామాను దానంతట అదే తేలుతుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన ఆస్కర్ ఫిషింగర్ రెండు రకాలుగానూ చేసి చూపించాడు. 1938లో హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం కోసం కాగితం ఆకారాల్ని సన్న తీగలకి వేలాడదీసి, ఒక్కో ఫ్రేమూ తీస్తూ ఫ్రాంజ్ లిస్ట్ అనే స్వరకర్త సంగీతానికి ఫిల్మ్ చేశాడు. అందులో ప్రతి కదలికా సంగీతంతో అతుక్కొని ఉంటుంది. 1947లో ప్లెక్సిగ్లాస్ (గాజులా ఉండే ప్లాస్టిక్ పలక) మీద ఆయిల్ పెయింట్ వేస్తూ, కుంచె కదిలిన ప్రతిసారీ ఒక ఫ్రేమ్ తీస్తూ, బాఖ్ అనే స్వరకర్త సంగీతానికి 'మోషన్ పెయింటింగ్ నం. 1' చేశాడు. అందులో బొమ్మ సంగీతాన్ని అడుగడుగునా అనుసరించదు, పక్కన తన దారిన పెరుగుతూ పోతుంది. మనిషి ఒకడే, సామాను మారింది, సంగీతంతో పొత్తు కూడా మారింది. ఈ రెండూ జాజ్ కాదు నిజమే, కానీ జాజ్‌కి పనిచేయబోయేవాళ్లు ఇవి రెండూ వరసగా చూస్తే నేను పేజీల కొద్దీ చెప్పేది ఇరవై నిమిషాల్లో అర్థమవుతుంది.

జాజ్‌కే కావాలంటే నార్మన్ మెక్‌లారెన్, ఎవలిన్ లాంబర్ట్ కలిసి కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో 1949లో చేసిన 'బిగాన్ డల్ కేర్' ఉంది. ఆస్కర్ పీటర్సన్ పియానో ట్రయోకి నేరుగా ఫిల్మ్ రీలు మీదే రంగులు పూసి, గీకి చేశారు. అది స్టాప్ మోషన్ కాదు, కెమెరానే వాడలేదు. అయినా ఒక విషయానికి తప్పక చూడాలి. మొదట వేగం, మధ్యలో నిదానం, చివర మళ్లీ వేగం. ఆ నిదానం భాగంలో నల్లటి తెర మీద సన్నటి తెల్ల గీతలు మాత్రమే ఉంటాయి. సంగీతం తగ్గినప్పుడు బొమ్మని కూడా తగ్గించడానికి ధైర్యం కావాలి, వాళ్లకి అది ఉంది.

ముందు పాట, తర్వాతే సామాను

మొదటి ఫిల్మ్‌కి నిమిషానికి 120 బీట్ల వేగం ఉన్న బ్లూస్ (12 బార్ల లెక్క మీద తిరిగే పాట) తీసుకోండి. ఇది నా ఇష్టం కొద్దీ చెప్పడం లేదు, లెక్క ప్రకారం చెప్తున్నాను.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు. స్టాప్ మోషన్‌లో ఒక్కో ఫోటోని రెండు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకి 12 ఫోటోలు సరిపోతాయి, కంటికి కదలిక తెగదు. ఇక 720ని పాట వేగంతో భాగించండి, ఒక బీట్‌కి ఎన్ని ఫోటోలో వస్తుంది. 120కి 6, 144కి 5, 180కి 4, 90కి 8, 72కి 10. ఇవన్నీ పూర్తి సంఖ్యలు. 130 వేగం పాట పట్టుకున్నారనుకోండి, బీట్‌కి ఐదున్నర చిల్లర వస్తుంది. సర్లే అని 6 వేసుకుంటూ పోతే 16 బీట్లకే బొమ్మ అర సెకనుకి పైగా వెనకబడుతుంది. అలాంటి పాటే కావాలంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట తెరిచి, ప్రతి బీట్ మొదటి నుంచి ఎన్నో సెకనులో పడుతుందో గుర్తులు పెట్టుకొని, ఆ సెకనుని 12తో గుణించి ఫ్రేమ్ నంబరు రాసుకోవాలి. అది కూడా అయ్యే పనే, మొదటిసారికి మాత్రం అనవసరపు టెన్షన్.

120 వేగంలో ఇంకో సుఖం ఉంది. జాజ్‌కి ఆ ఊగే నడక, స్వింగ్, ఎలా వస్తుందో మృదంగం నేర్చుకున్నవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. బీట్‌ని తిశ్రంలో మూడుగా పంచి, మొదటి రెండిటినీ కలిపేసి, మూడోదాన్ని విడిగా కొట్టడం. అంటే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బీట్‌కి 6 ఫోటోలున్నప్పుడు ఇది 4, 2గా చక్కగా విడిపోతుంది. ముక్క 4 ఫోటోల పాటు నిదానంగా సాగి, తర్వాతి 2 ఫోటోల్లో టక్కున దూకితే తెర మీద స్వింగ్ కనిపిస్తుంది. అదే 3, 3గా జరిపితే కవాతు అవుతుంది. బీట్‌కి 8 ఉన్నప్పుడు 5, 3తో సర్దుకోవచ్చు. 4 ఉన్నప్పుడు ఎలా పంచినా తేడా వస్తుంది. అయితే వేగం పెరిగేకొద్దీ వాయించేవాళ్లు కూడా ఆ పొడుగు పొట్టి తేడాని తగ్గించేస్తారు కాబట్టి అక్కడ అంత బాధ లేదు.

బీబాప్ అనే మహా వేగం జాజ్ జోలికి ఇప్పుడే పోవద్దు. నిమిషానికి 240 బీట్లుంటే బీట్‌కి 3 ఫోటోలు, అందులో రెండేసి స్వరాలు. ఒక్కో స్వరానికి ఒకటిన్నర ఫోటో పడుతుంది. స్వరస్వరాన్నీ చూపించడం కుదరదు, మొత్తం పలుకుని ఒక గీతగా చూపించాల్సిందే. ఆ చూపు వచ్చాక చేయండి.

ఐదు బీట్ల లెక్క మీద మనసు పడేవాళ్లు కూడా ఉంటారు. అమెరికన్ జాజ్ పియానిస్ట్ డేవ్ బ్రూబెక్ 1958లో మద్రాసు వచ్చినప్పుడు పళని సుబ్రహ్మణ్యం పిళ్లై మృదంగంతో కలిసి వాయించాడు. మరుసటి ఏడాది ఆయన క్వార్టెట్ (నలుగురి బృందం) ఆల్బమ్‌లో వచ్చిన 'టేక్ ఫైవ్' ఐదు బీట్లదే, రాసింది ఆ బృందంలో సాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. మన ఖండచాపు 2+3గా నడిస్తే అది 3+2గా నడుస్తుంది. చాపు తాళాలు చేతికి వచ్చినవాళ్లు ఇలాంటివి ధైర్యంగా ఎత్తుకోవచ్చు, ఎక్కడ విరుపు వస్తుందో లోపలి నుంచే తెలుస్తుంది కాబట్టి.

ఫోటోల లెక్క కూడా ముందే చూసుకోండి. 12 బార్ల బ్లూస్ ఒక చుట్టుకి 48 బీట్లు. 120 వేగంలో అది 24 సెకన్లు, 288 ఫోటోలు. ఫోటోకి నిమిషం చొప్పున వేసుకున్నా దాదాపు ఐదు గంటల పని. మూడు చుట్లంటే 864 ఫోటోలు, నిమిషం పన్నెండు సెకన్ల ఫిల్మ్. మొదటి ఫిల్మ్‌కి అంతకన్నా పెద్దది పెట్టుకోవద్దు.

వెనక్కి వెళ్లనిచ్చేవి: కాగితం, గుండీలు, గింజలు

రిథమ్ సెక్షన్‌కి, అంటే లెక్క నడిపే డ్రమ్స్, బేస్, పియానోకి, కాగితాన్ని మించింది లేదు. షాపులో కొత్త చార్టులు కొనేముందు శుభలేఖలు కొట్టే ప్రెస్సుకి వెళ్లండి. కటింగ్ మిషన్ పక్కన పడే అట్టముక్కలు అడిగితే ఇచ్చేస్తారు. మందంగా, అంచులు తిన్నగా, రకరకాల రంగుల్లో ఉంటాయి. బంగారు రేకు అంటిన ముక్కల్ని మాత్రం విడిగా పెట్టుకోండి. కొంచెం వాలు మారినా మెరుపు మారిపోతుంది, మామూలు చోట పెడితే తెర మిణుకుమంటుంది. డ్రమ్స్‌లోని సింబల్ (లోహపు పళ్లెం) మోగే చోట అదే పనికొస్తుంది.

కాగితంతో వచ్చే పెద్ద లాభం, తీసిన ఫోటోల్ని మళ్లీ వాడుకోవచ్చు. 120 వేగంలో ఒక బార్ అంటే 24 ఫోటోలు. బేస్ నడకని ఒక బార్‌కి తీస్తే కాపీ చేసి పక్కపక్కన పెట్టేయొచ్చు. కానీ అదే బార్‌ని పన్నెండుసార్లు తిప్పితే మిషన్ కొట్టినట్టుంటుంది. అదే నడకని మూడు రకాలుగా, ప్రతిసారీ చేతితో కొత్తగా జరిపి తీసుకొని మార్చి మార్చి వాడండి. బేస్ వాయించేవాడు ఏ రెండు బార్లూ ఒకేలా వాయించడు, ఆ చిన్న తేడాలోనే ప్రాణం ఉంది.

గుండీలు, పూసలు, మినుములు, కందిపప్పు కూడా ఈ జాతివే. ఒక్కోటిగా జరపాలి కాబట్టి చెయ్యి నొప్పెడుతుంది. అయినా పియానో మీద గబగబా రాలే స్వరాలకి బాగుంటాయి. వీటి కింద పరచడానికి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క దొరికితే అందం వేరు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు కదలకుండా ఉంటే, పైన కదిలేది ఇంకా బాగా తెలుస్తుంది. పాలిష్ పట్టిన రాయి కాబట్టి అందులో మీ ఫోనూ మీ మొహమూ కనిపిస్తాయి. నల్ల అట్టకి లెన్స్ పట్టేంత కంత పెట్టి, దాన్ని ఫోన్‌కి కింద అడ్డుగా బిగిస్తే ఆ బాధ పోతుంది.

క్లే గురించి రెండు మాటలు చాలు. నూనెతో చేసిన ప్లాస్టిసిన్ మన ఎండకి ఆగదు. 40 డిగ్రీలు దాటే రోజుల్లో, లైట్ల కింద, వేలు పెడితే దిగిపోతుంది. ఏసీ గది ఉంటే సరే, లేకపోతే డిసెంబరు, జనవరిలో చేసుకోండి.

వెనక్కి వెళ్లనివ్వనివి: ముగ్గుపిండి, రంగు, పలక

నా మనసు ఎక్కువ ఉన్నది ఇక్కడే. సోలోకి, అంటే ఒక్కరే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే భాగానికి, వీటినే వాడమంటాను.

ముగ్గుపిండికి కింద నుంచి వెలుతురు కావాలి. రెండు స్టూళ్ల మధ్య గాజు పలక, దాని కింద తెల్ల ట్రేసింగ్ పేపర్, ఆ కింద ఎల్‌ఈడీ లైటు, పైన కిందికి చూస్తూ ఫోన్. పిండి తెల్లదే అయినా కింది వెలుతురుని ఆపేస్తుంది కాబట్టి తెర మీద నల్లగా కనిపిస్తుంది. పలచగా చల్లితే బూడిద రంగు, మందంగా పోస్తే చీకటి. ముగ్గురాయి పిండి వాడండి. బియ్యప్పిండి తేమకి ఉండలు కడుతుంది, రాత్రి అలాగే వదిలేస్తే పొద్దున్నకి చీమలు బొమ్మ మార్చేస్తాయి. మైపాడు నుంచో కొత్తపట్నం నుంచో తెచ్చిన ఇసుక కూడా పనికొస్తుంది కానీ ఉప్పు పోయేలా కడిగి, ఎండబెట్టి, సన్న జల్లెడ పట్టాలి. గింజ పెద్దదైతే గీత అంచులు జివజివలాడుతుంటాయి.

ఒక సాక్సఫోన్ పలుకుని పిండితో ఎలా చూపించాలో చెప్తాను. స్వరం మొదలైన చోట చిటికెడు పిండి పెట్టి, పాత విజిటింగ్ కార్డు అంచుతో దాన్ని వెలుతురులోకి ఒక సెంటీమీటరు లాగండి. ఫోటో. మళ్లీ లాగండి. ఫోటో. స్వరం పైకి పోతుంటే గీతని పైకి వంచండి, ఒత్తి ఊదితే కార్డుని పడుకోబెట్టి వెడల్పు చేయండి. తల ముందుకి పోతూ ఉండగా, ఆరు ఫోటోల వెనక ఉన్న తోకని మెత్తటి కుంచెతో తుడుస్తూ రండి. అప్పుడు తెర మీద ఎప్పుడూ ఒక బీట్ పొడవు గీతే బతికి ఉంటుంది, వినిపిస్తున్నది ఎంతో కనిపిస్తున్నదీ అంతే. వాయించేవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మీరూ ఆగండి. ఉన్న పిండి మీద స్ట్రాతో చాలా మెల్లగా ఊదితే అంచులు చెదిరి పొగలా అవుతుంది. నోటితో నేరుగా ఊదొద్దు, గంట పని ఒక్క దెబ్బకి పోతుంది. ఇలా చేస్తున్నప్పుడు చెయ్యి ఒకచోట అనుకోని వంపు తిరుగుతుంది. తిరగనివ్వండి. తర్వాతి ఫోటోలో ఆ వంపుకి జవాబు ఇవ్వడమే మీ పని. సోలో వాయించేవాడు చేసేదీ అదే.

రంగుతో అయితే ఇంకా లోతుంది, ఇంకా చిరాకూ ఉంది. పోస్టర్ కలర్ గాజు మీద తొందరగా ఎండిపోతుంది, మన ఎండాకాలంలో మరీ. మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ కొన్ని చుక్కలు కలిపితే చాలాసేపు తడిగా ఉంటుంది. వేలితో, ఇయర్ బడ్‌తో, గుడ్డతో జరుపుకోవచ్చు. ఆయిల్ పెయింట్ కొంటే గ్లిజరిన్ అక్కర్లేదు. నిదానంగా సాగే పాటకి, ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద చాలాసేపు నిలిచే 'మోడల్' జాజ్ రకానికి రంగు బాగుంటుంది. వేగం పాటకి వద్దు. రంగులన్నీ కలిసిపోయి కాసేపటికి మట్టి రంగు వస్తుంది. రెండు రంగులు, వాటి మధ్య ఖాళీ గాజు, అంతటితో ఆగగలిగితేనే దీన్ని ఎంచుకోండి.

ఇక పలక. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని ఇల్లు ఈ చుట్టుపక్కల ఉండదు, అటక మీద ఒకటి ఉండే ఉంటుంది. దాని మీద చాక్‌పీస్‌తో గీసి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ గీసి ఫోటోలు తీయడం ఈ కళలో అన్నిటికన్నా పాతవాటిలో ఒకటి. 1906లోనే జె. స్టువర్ట్ బ్లాక్‌టన్ అమెరికాలో నల్లబల్ల మీద సుద్దతో బొమ్మలు కదిలించాడు. పలకలో నాకు నచ్చేది ఏంటంటే, తుడిచినా పూర్తిగా పోదు. పాత గీత నీడ బూడిదరంగులో మిగులుతుంది. పదిసార్లు తుడిచాక వెనక ఒక మబ్బు తయారవుతుంది, అందులో ఇప్పటిదాకా జరిగిందంతా లీలగా కనిపిస్తుంటుంది. డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి, తీగల బ్రష్‌లతో స్నేర్ డ్రమ్ మీద చుట్టూ రాస్తూ ఉండే నిదానపు పాట ఉంటుందే, దానికి ఇంతకన్నా సరైనది లేదు. గుడ్డ చుట్టూ తిరిగిన గుర్తే ఆ బ్రష్ చప్పుడు. బలపం గీత సన్నగా, గట్టిగా ఉంటుంది, అంత తేలిగ్గా మబ్బుగా మారదు. పియానో పలుకులకి బలపం, బ్రష్‌లకి సుద్ద అని పంచుకోవచ్చు. తడిగుడ్డ వాడితే మాత్రం ఆరేదాకా నల్లటి మరకలుంటాయి, ఆగలేరు.

రెండిటికీ మధ్యలో మైకా

దీన్ని ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. సైదాపురం, గూడూరు వైపు మైకా (అభ్రకం) గనుల వల్లే నెల్లూరు పేరు ఒకప్పుడు దూరదేశాలకి వెళ్లింది. ఆ మైకా పొరలు పొరలుగా గోటితో విడిపోతుంది, అద్దంలా వెలుతురుని పంపుతుంది. పాత గని గుంటల్లోకి దిగొద్దు, అవసరం లేదు. ఆ ఊళ్లలో చిన్న తునకలు అడిగితే దొరుకుతాయి. పాతకాలం ఇస్త్రీపెట్టెలు రిపేరు చేసేవాళ్ల దగ్గర కూడా ఒకటో రెండో పొరలుంటాయి.

కంప్యూటర్ ఎల్‌సీడీ మానిటర్‌లో తెల్ల తెర పెట్టి, మానిటర్‌ని వెల్లకిలా పడుకోబెట్టండి. ఆ వెలుతురు ఇప్పటికే పోలరైజ్ అయి ఉంటుంది, అంటే ఒకే దిశలో కంపిస్తుంటుంది. దాని మీద మైకా పొర పెట్టి, ఫోన్ లెన్స్‌కి పోలరైజ్డ్ చలువ కళ్లద్దం అడ్డం పెట్టి తిప్పండి. తెల్లగా ఉన్న తెర ఒకచోట నల్లబడుతుంది, మైకా మాత్రం రంగులతో వెలుగుతుంది. ఏ రంగు అన్నది పొర మందాన్ని బట్టి ఉంటుంది. ఇంకో పొర పైన పెడితే వేరే రంగు. మైకాని గుండ్రంగా తిప్పుతుంటే ప్రతి 90 డిగ్రీలకీ వెలుగు పూర్తిగా పోయి, మళ్లీ వస్తుంది. కళ్లద్దాన్ని 90 డిగ్రీలు తిప్పితే ప్రతి రంగూ దాని ఎదురు రంగుగా మారుతుంది.

జాజ్‌లో కార్డ్‌ల మీద కార్డ్‌లు పేర్చి, కింద ఒక్క స్వరం మార్చగానే మొత్తం రుచి మారిపోతుంది కదా, అది చూపించడానికి ఇది పనికొస్తుంది. పొరల్ని వరస ప్రకారం పేర్చితే కాగితంలాగే వెనక్కి వెళ్లొచ్చు, ఏ కార్డ్‌కి ఏ పొరలో రాసుకోవచ్చు. కానీ చీల్చిన పొర ఏ రంగు ఇస్తుందో చీల్చేదాకా తెలియదు. అందుకే దీన్ని మధ్యలో పెట్టాను. మైకా దొరక్కపోతే పారదర్శకంగా ఉండే సెల్లో టేపుని గాజు మీద పొరలు పొరలుగా అంటించండి, అదీ రంగులిస్తుంది, ఖర్చు దాదాపు లేదు.

గాలి, తేమ, కరెంటు

ముగ్గుపిండికీ కాగితానికీ సీలింగ్ ఫ్యాన్ పడదు. ఇది చదువుతుంటే చిన్న విషయంలా ఉంటుంది. రోహిణి కార్తెలో నెల్లూరులో ఫ్యాన్ ఆపి మూసిన గదిలో రెండు గంటలు వంగి కూర్చుంటే తెలుస్తుంది, గాజు మీద చెమట చుక్క పడితే పిండి బొమ్మ అక్కడితో అయిపోయినట్టే. ఎండాకాలంలో చేయక తప్పకపోతే పలక ఎంచుకోండి, దానికి ఫ్యాన్‌తో గొడవ లేదు. వానాకాలంలో, సముద్రం దగ్గరి ఊళ్లలో కాగితం అంచులు లేస్తాయి. పైన ఇంకో పలచటి గాజు మూస్తే అణిగి ఉంటాయి.

పగటి వెలుతురుని నమ్మొద్దు. గంటలో నీడలు జరిగిపోతాయి, మబ్బు పడితే మారిపోతాయి. కిటికీలకి నల్లగుడ్డ కట్టి లైట్లతోనే తీయండి. వోల్టేజీ పడి లేచే వీధుల్లో మామూలు బల్బు వెలుగు మారుతూ ఉంటుంది. ఛార్జింగ్‌తో నడిచే ఎల్‌ఈడీ ప్యానెల్ కొంటే ఆ బెడద ఉండదు, కరెంటు పోయినా షాట్ ఆగదు. మైకాకి మానిటర్ వెలుతురు చాలు కానీ ఇన్వర్టర్ ఉండాలి.

ఫోన్ చాలు, కెమెరా ఉంటే మంచిది

స్టాప్ మోషన్ స్టూడియో యాప్ ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో దొరుకుతుంది. ముందు ఫోటో మీద ఇప్పటి దృశ్యాన్ని నీడలా చూపిస్తుంది, మనకి కావాల్సింది అదే. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ మాత్రం ఆన్ చేసుకోండి. తెరని వేలితో నొక్కకుండా బ్లూటూత్ రిమోట్‌తో తీయండి.

డీఎస్‌ఎల్‌ఆర్, ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి డ్రాగన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్ ఉంది. డబ్బు పెట్టి కొనాలి. పాట తరంగాన్ని ఫ్రేమ్ నంబర్ల పక్కనే చూపిస్తుంది కాబట్టి జాజ్‌కి నిజంగా ఉపయోగం. కానీ డీఎస్‌ఎల్‌ఆర్‌కి ఒక దుర్గుణం ఉంది. ప్రతి ఫోటోకీ లెన్స్ అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే కంత) ఒక్క పిసరు తేడాతో మూసుకొని వెలుగు మిణుకుతుంది. అపర్చర్‌ని చేతితో తిప్పే పాత లెన్స్ పెడితే సరి. మొదటి ఫిల్మ్‌కి ఇదంతా అక్కర్లేదు. ఆ డబ్బు వాయించేవాళ్లకివ్వండి.

వాయించేది ఎవరు

పేరున్న రికార్డింగ్ తీసుకొని బొమ్మ కడితే ఇంట్లో చూసుకోవడానికి బాగుంటుంది. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు చిక్కు వస్తుంది. పాట రాసినవాళ్ల హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. మన చట్టంలో రికార్డింగ్‌కి విడుదలైన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్లు, రచనకి రాసినవాళ్లు పోయాక 60 ఏళ్లు. రికార్డింగ్ గడువు తీరినా రచన గడువు మిగిలే ఉండొచ్చు, పైగా ఒక్కో దేశానిది ఒక్కో లెక్క.

దానికన్నా మంచి దారి మన ఊళ్లోనే ఉంది. నెల్లూరులో, ఒంగోలులో, కావలిలో చర్చిల్లో కీబోర్డ్, బేస్ గిటార్, డ్రమ్స్ వాయించే కుర్రాళ్లకి కార్డ్‌లు కొట్టిన పిండి. పెళ్లి బ్యాండ్ మేళాల్లో ట్రంపెట్, క్లారినెట్, సాక్సఫోన్ వాయించేవాళ్లున్నారు. 12 బార్ల బ్లూస్ వరస ఎవరి సొత్తూ కాదు. సీ స్కేల్‌లో అయితే నాలుగు బార్లు సీ కార్డ్, రెండు ఎఫ్, రెండు సీ, ఒకటి జీ, ఒకటి ఎఫ్, చివర రెండు సీ. ఇది కాగితం మీద రాసిచ్చి, 120 వేగంలో క్లిక్ (టిక్ టిక్‌మంటూ బీట్ చెప్పే చప్పుడు) పెట్టి, మూడు చుట్లు వాయించమని అడగండి. మధ్య చుట్టులో ఇష్టమొచ్చినట్టు వాయించమనండి. "అన్నా, క్లిక్ పెట్టుకొని వాయిస్తే క్లిక్ లాగానే వస్తాది, ఊపు రాదు" అంటారు. నిజమే. క్లిక్‌ని డ్రమ్మర్ ఒక్కడి చెవిలోనే పెట్టి, మిగతావాళ్లని డ్రమ్మర్‌ని వింటూ వాయించమంటే లెక్కా ఉంటుంది, ఊపూ ఉంటుంది. రికార్డింగ్ రోజు మీరూ పక్కన కూర్చోండి. మెక్‌లారెన్ కూడా పీటర్సన్ పక్కన కూర్చొని, ఇక్కడ ఇలా వాయిస్తే బొమ్మకి బాగుంటుందని చెప్పి మార్పించుకున్నాడు, పీటర్సన్ వాయించిన దాన్నిబట్టి తన బొమ్మనీ మార్చుకున్నాడు.

నేనైతే ఏది తీసుకుంటాను

మూడు చుట్ల బ్లూస్‌కి, మొదటి చుట్టు కాగితం. లెక్క అంతా చూసేవాళ్ల కంటికి అలవాటవ్వాలి. రెండో చుట్టులో కాగితాన్ని అంచులకి నెట్టేసి, మధ్యలో ముగ్గుపిండితో సోలో. కాగితాన్ని కూడా అదే గాజు మీద, కింది వెలుతురులోనే తీయండి. అప్పుడు రెండూ నల్ల నీడలుగా ఒకే ఇంటివాళ్లలా ఉంటాయి. పలచటి రంగు కాగితం అయితే రంగు కూడా తెలుస్తుంది. మూడో చుట్టులో కాగితం మధ్యలోకి తిరిగొస్తుంది, కానీ సోలోలో మిగిలిన పిండిని తుడవొద్దు. ముక్కలు ఆ పిండిని తోసుకుంటూ నడవాలి. సోలో విన్నాక మొదటి పాట మళ్లీ వస్తే అది మొదట విన్నట్టు ఉండదు, ఆ సంగతి పిండి చెప్తుంది.

చిన్నపిల్లలతో కలిసి చేసేవాళ్లు గుండీలు, కాగితంతోనే ఉండండి. ఒక్కరే, రాత్రిళ్లు, నిదానపు పాటకి చేసేవాళ్లకి పలక. సైన్స్ టీచర్లు బడిలో చేయించాలనుకుంటే మైకా లేదా సెల్లో టేపు, కాంతి పాఠం కూడా అయిపోతుంది. రంగు మాత్రం రెండో ఫిల్మ్‌కి ఉంచుకోండి.

ఒక్కో స్వరానికి ఒక్కో రంగు అని పట్టిక రాసుకొని దాన్నే పాటించే పద్ధతి కూడా ఒకటి ఉంది. నేను వద్దంటాను. చూసేవాళ్లకి ఆ పట్టిక తెలియదు, వాళ్లకి కనిపించేది కారణం లేకుండా మారే రంగులే. స్వరం పైకి పోతే గీత పైకి పోవడం, గట్టిగా మోగితే పెద్దదవడం, ఆగితే ఆగడం ఎవరికైనా చెప్పకుండానే అర్థమవుతాయి.

అన్ని ఫోటోలూ అయ్యాక డావిన్చీ రిజాల్వ్‌లోనో బ్లెండర్‌లోనో కూర్చండి, రెండూ ఉచితంగా దొరుకుతాయి. 12 ఫ్రేముల ఫిల్మ్‌ని 24కి మార్చేటప్పుడు ఫ్రేమ్ బ్లెండింగ్ (పక్కపక్క ఫ్రేముల్ని కలిపేసే సెట్టింగ్) ఆపేయండి, లేకపోతే పదునైన అంచులన్నీ అలుక్కుపోతాయి. బీట్ దగ్గర పడాల్సిన దెబ్బని ఒక ఫ్రేమ్ ముందే పడేలా జరిపి కూడా చూడండి. చాలాసార్లు అదే సరిగ్గా పడినట్టు అనిపిస్తుంది. ఈ సరిచూడటం అంతా వైరున్న ఇయర్‌ఫోన్స్‌తోనే చేయండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, దాన్ని నమ్మి జరిపితే కుదిరి ఉన్నది కూడా చెడిపోతుంది.